అందరి ఫోటోలూ ఒకటే సైజు

మా ఫోర్‌మన్ అన్న పోయాడు. పోయిన మంగళవారం పొద్దున ఇక్కడ ఒమాన్‌లో, అల్ అమెరాత్‌లోని నా వడ్రంగి షాపులో ఒక అల్మారా తలుపుకు మడతబందులు బిగిస్తుంటే ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. అన్న బిడ్డ గొంతు. "కాకా, మా బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి అరుగు మీద కూసున్నడు. కూసున్నట్టే పోయిండు." అంతే ఉంది అందులో. రెండోసారి వినే ధైర్యం చాలలేదు. చేతిలో ఉన్న స్క్రూ మాత్రం చివరిదాకా బిగించాను. సగం బిగించిన స్క్రూను వదిలి లేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇద్దరిదీ ఒకే జిల్లా, ఊళ్ళు వేరు. ముప్పై ఏళ్ళు ఒమాన్‌లో కాంక్రీటు పని చేయించి, రెండేళ్ళ కింద ఇంటికి వెళ్ళిపోయాడు. ఇలాంటి మనిషి పోతే పేపర్లో ఫోటో రాదు. అందుకే నాకు చేతనైనట్టు నేను రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళ కింద నేను చేసిన తప్పు ఒకటి ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. నేను నోరు విప్పి చెప్పాల్సిన మాట, చెప్పకుండా ఇన్నేళ్ళు గడిపేశాను. ఇక ఆగితే నాకు ముద్ద దిగదు.

నేను ఒమాన్ వచ్చి ఇబ్రా అనే ఊర్లో దిగేసరికి అక్కడ ఒక వాగు మీద కల్వర్టు కడుతున్నారు. నేను షట్టరింగ్ కార్పెంటర్‌ను, అంటే కాంక్రీటు పోసే ముందు చెక్క పెట్టెలు కట్టేవాణ్ణి. మొదటి రోజే అన్న నా పని చూడటానికి వచ్చి, చెక్కను వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఈడ ఖాళీ ఉన్నది తమ్మీ, ఇప్పు" అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే వెనకాల ఆసరా జారి ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఊర్లో పదేళ్ళు పని చేసి వచ్చినవాణ్ణి, ఈయనెవరు నాకు చెప్పడానికి అనుకున్నాను. వారం తిరిగేసరికి నేనూ చెవి ఆనించి వినడం మొదలుపెట్టాను.

ఆయనవి కొన్ని అలవాట్లుండేవి. ఎండకు మధ్యాహ్నం పని ఆపినప్పుడు అందరూ నీడలోకి చేరాక, మిగిలిన చోట కూర్చునేవాడు. మిగలకపోతే డంపర్ కింద దూరేవాడు. కూలర్‌లో నీళ్ళు మార్చగానే మొదటి గ్లాసు ఆయనే తాగేవాడు. అదేమిటి, అన్నిట్లో వెనకుండే మనిషి నీళ్ళ దగ్గర ముందుంటాడని ఎగతాళి చేస్తే, "బాగలేకుంటె నా కడుపే ఖరాబ్ గానీ, మీకు డ్యూటీ ఉన్నది" అన్నాడు. ఆయనకు డ్యూటీ లేనట్టు.

సైట్ మీద పెద్ద ఇంజినీరు ఒక అమెరికా ఆయన. పొడుగ్గా, ఎండకు ఎర్రబడ్డ మెడతో, మాట తక్కువగా ఉండేవాడు. మేం ఆయన్ని అమెరికా సార్ అనేవాళ్ళం. ఆయన క్యాబిన్‌లో ఒక పెద్ద పోస్టర్ ఉండేది. వాళ్ళ ఊరి పండుగకు అచ్చేసినదట. వాళ్ళది మన మండల కేంద్రమంత కూడా లేని ఊరు. ఆ ఊరితో సంబంధం ఉండి, పేరు తెచ్చుకున్న తొమ్మిది మంది ఫోటోలు దాని మీద మూడు వరసల్లో ఉన్నాయి. అన్నీ నలుపు తెలుపు ఫోటోలే. క్యాబిన్ మార్చేటప్పుడు సార్ దాన్ని చుట్టి మూలన పెడితే, అన్న అడిగి తెచ్చుకున్నాడు. ఇబ్రా బజార్లో అద్దం కట్టించి, మా రూమ్‌లో దేవుడి పటాల పక్కన మేకు కొట్టి వేలాడదీశాడు. ఎందుకన్నా అంటే, "పెద్దమనుషుల లెక్క ఉన్నరు, ఉండనీ" అన్నాడు. వాళ్ళెవరో అప్పటికి ఆయనకూ తెలియదు.

పండుగ ఏ వారం వచ్చినా మేం శుక్రవారమే చేసుకునేవాళ్ళం, సెలవు అప్పుడే కాబట్టి. ఆ ఏడు దసరా కూడా అలాగే చేశాం. ఆయుధ పూజకు రంపాలూ, సుత్తులూ, హెల్మెట్లూ కడిగి వరసగా పెట్టి బొట్లు పెట్టే పని నాకు అప్పజెప్పారు. అన్న వెనకాల వంటింట్లో మటన్ కూర దగ్గరున్నాడు. మధ్యాహ్నం భోజనానికి అమెరికా సార్‌ను పిలిచాం. ఆయన మా రూమ్‌కు రావడం అదే మొదలు.

దేవుళ్ళకు దండలు వేశాక ఒక దండ మిగిలింది. బంతిపూల రంగులో ఉన్న ప్లాస్టిక్ దండ. తల ఎత్తి చూస్తే గోడ మీద సార్ వాళ్ళ ఊరి పెద్దలు తొమ్మిది మంది. మనింట్లో గోడకు అద్దం కట్టి తగిలించిన మనుషులంటే ఎవరు? పోయినవాళ్ళే కదా. పైగా పాతకాలపు ఫోటోలు. సార్ వచ్చి చూస్తే ఎంత సంతోషపడతాడో అనుకున్నాను. స్టూలు ఎక్కి దండ వేశాను. తొమ్మిది ముఖాలకూ తప్పకుండా కుంకుమ బొట్లు పెట్టాను. ముందు అగరొత్తులు కూడా గుచ్చాను. దిగి చూసుకుంటే నాకే దండం పెట్టుకోవాలనిపించింది.

సార్ వచ్చాడు. నిజంగానే సంతోషపడ్డాడు. నవ్వుతూ దగ్గరికెళ్ళి, ఈ పూలెందుకని ఇంగ్లీషులో అడిగాడు. కంపెనీ డ్రైవర్ ఒకాయన గుంటూరు వైపు మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. చనిపోయిన పెద్దలకు మేం ఇలా చేస్తామని వివరంగా చెప్పాడు. సార్ నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాపి, కింది వరసలో ఒక బస్సు పక్కన నిలబడ్డ ఆమె ఫోటో మీద వేలు పెట్టాడు. "ఈమె మా అమ్మ" అన్నాడు. "ఆస్పత్రిలో ఉంది. రేపు గుండె ఆపరేషన్."

 సార్ వెనక్కి తిరిగి, ఇది ఎవరు పెట్టారని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని మెల్లగా జేబులో వేసుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ పని నా చెయ్యే చేసింది, నేను ఆపలేదు.

వంటింట్లోంచి అన్న గరిటెతోనే వచ్చాడు. గోడ చూశాడు, సార్‌ను చూశాడు, నన్ను ఒక్కసారి చూశాడు. "మీ సార్" అని తనకొచ్చిన ఇంగ్లీషులో అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మై మిస్టేక్ సార్."

సార్ విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. అన్న స్టూలు ఎక్కి దండ తీశాడు. భుజం మీద తువ్వాలు కొస తడిపి, ఆ తల్లి ముఖం మీది బొట్టును మూడుసార్లు తుడిచాడు. అద్దం మీద ఎరుపు ఛాయ కూడా మిగలకూడదన్నట్టు. "అన్నా, నేను చెప్తా సార్‌కు" అన్నాను.  నేను వచ్చి మూడు నెలలు. బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, ఇంకా చేతికి రాలేదు. సార్ ఒక్క మాటంటే నన్ను వెనక్కి పంపేస్తారని భయం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "ఇప్పుడద్దు. నీకు చెప్పాలనిపిచ్చిన్నాడు చెప్పు. నేనైతే చెప్ప" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఆయన ముద్ద ముట్టలేదు. ఏందన్నా అంటే ఒక్కపొద్దు అన్నాడు. ఎన్నిరోజులు అంటే, "ఆ తల్లి కండ్లు తెరిచేదాక" అన్నాడు. రెండు రోజులు పాలు లేని సులేమానీ చాయ్ మీదే సైట్ అంతా తిరిగాడు. నాకూ తినబుద్ధి కాలేదు, కానీ తిన్నాను. అదే ఆయనకూ నాకూ తేడా.

మూడో రోజు సార్ తనంతట తనే అన్న దగ్గరికి వచ్చి, ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పాడు. అన్న రెండు చేతులూ జోడించాడు. అక్కడితో ఊరుకోలేదు. వారం పోయాక, అమ్మతో మాట్లాడించమని సార్ వెంటపడ్డాడు. ఇంగ్లీషు పట్టుమని పది మాటలు రావు, ఏం మాట్లాడతావన్నా అని నవ్వాం. ఒక సాయంత్రం సార్ నిజంగానే ఫోన్ కలిపి చేతికిచ్చాడు. నేను పలకల కుప్ప దగ్గర నిలబడి ఉన్నాను. "మదర్, సారీ. యూ లివ్. హండ్రెడ్ ఇయర్" అని అన్న అరవడం వినిపించింది. ఫోన్‌లోంచి పెద్ద నవ్వు కూడా వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి ఏదో చెప్పాడు, అది వినబడలేదు. పది అడుగులు వేస్తే నేనూ అక్కడుండేవాణ్ణి. వెయ్యలేదు.

ఆ శుక్రవారం సార్ మళ్ళీ రూమ్‌కు వచ్చి, ఈసారి కూర్చుని తిన్నాడు. తిన్నాక పటం కిందికి దింపించి, ఒక్కొక్కరి కథా చెప్పాడు. ఒకాయన బంతాటలో దేశమంతా పేరున్నవాడు. ఒకామె రేడియోలో పాడేది. ఒకాయన మక్క కంకులు వొలిచే మిషను కనిపెట్టాడు. సార్ వాళ్ళమ్మ ముప్పై ఏళ్ళకు పైగా బడి బస్సు నడిపింది. ఒకసారి మంచులో బస్సు ఆగిపోతే, పిల్లలందర్నీ ఒక్కొక్కరుగా ఇళ్ళ దాకా నడిపించి, చివరికి తను ఇల్లు చేరిందట. తొమ్మిది మందిలో నలుగురు బతికే ఉన్నారని కూడా అప్పుడే తెలిసింది. ఆ బంతాట ఆయన కార్ల షోరూమ్ పెట్టుకుని హాయిగా ఉన్నాడట. అన్న చప్పున తువ్వాలు తడిపి మిగతా ముగ్గురి బొట్లూ తుడిచేశాడు. సార్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

సార్ వెళ్ళాక అన్న ఒక పని చేశాడు. నడుముకున్న టేపు తీసి ఆ ఫోటోలను కొలిచాడు. బంతాట ఆయన్ని కొలిచాడు, పాటలామెను కొలిచాడు, బస్సు అమ్మను కొలిచాడు. "అందరి ఫోటోలూ ఒకటే సైజు" అన్నాడు. ఇంకోసారి కొలిచి చూసుకున్నాడు. "దేశమంత ఎరికైనాయినది, బస్సు తోలినామెది, ఒకటే సైజు పెట్టిండ్రు తమ్మీ. గది ఊరంటే."

ఆ రోజు నుంచి రూమ్‌కు ఏ కొత్తవాడు వచ్చినా, ఊరి పేరు అడిగిన వెంటనే రెండో ప్రశ్న అదే. మీ ఊరి బోర్డు మీద ఎవరి ఫోటో పెడ్తవ్? ఎమ్మెల్యే పేరు చెప్తే ఒప్పుకునేవాడు కాదు. "ఆయన ఫోటోలు ఆయనే పెట్టుకుంటడు, నువ్వు చెప్పు" అనేవాడు. మా ఊర్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరన్నాడు ఒకతను. "లేకుంటె ఇన్నొద్దులు ఊరెట్ల నిలబడ్డది?" అన్నాడు అన్న. అతను వారమంతా సిమెంటు బస్తాలు మోస్తూ ఆలోచించాడు. శుక్రవారం అన్నం ముందు కూర్చుని, ఒక పోస్ట్‌మన్ ఉండేవాడన్నాడు. గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళకు ఉత్తరాలు తెచ్చి, చదువు రాని ఆడవాళ్ళకు తనే చదివి పెట్టేవాడట. చెడ్డ కబురుంటే కవరు విప్పీ విప్పగానే, కళ్ళద్దాలు మరిచిపోయాననేవాడట. పక్కింటి పెద్దావిడను పిలుచుకొచ్చి, ఆమెను తోడు కూర్చోబెట్టాకే చదివేవాడట. చెప్తూ చెప్తూ అతను ఏడ్చాడు. ఆ ఉత్తరాల్లో ఒకటి వాళ్ళింటికి వచ్చిందే.

ఇంకొకతను అడ్డం తగిలాడు. ఆ పోస్ట్‌మన్ మీ ఊరివాడు కాదు కదా, పక్కూరి నుంచి వచ్చేవాడు కదా అని. అన్న గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఆ ఆటగాడు వాళ్ళ ఊర్ల ఉన్నది రెండేండ్లట. రెండేండ్లు ఉన్నోన్నే మావోడంటున్నరు. దినాం సైకిల్ తొక్కుకుంట వచ్చినోడు మీవోడు కాడా?" అందరం పోస్ట్‌మన్‌కు ఒప్పుకున్నాం. అలా ఎంతమంది వచ్చారో ఆ గదిలోకి. వానలో కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్, ఊరి పిల్లలందరికీ బావిలో ఈత నేర్పిన అవ్వ. ఇక్కడ మమ్మల్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, బతాకా నెంబరుతోనే పని. అలాంటి చోట మా ఊళ్ళకు పెద్దమనుషులున్నారని మాకు గుర్తుచేసినవాడు ఆయన.

నన్ను కూడా అడిగాడు. ఆలోచించి చెప్తానన్నాను. ఎప్పుడూ చెప్పలేదు.

కల్వర్టు అయిపోయింది, సార్ అమెరికా వెళ్ళిపోయాడు. మేం అల్ అమెరాత్ వచ్చాం, పటం మాతోనే వచ్చింది. ఏడాదికోసారి, ఆపరేషన్ అయిన రోజున, అన్న అమెరికాకు ఫోన్ చేసేవాడు. పెట్టేశాక నా వైపు తిరిగి, "అమెరికా అమ్మ నిన్నడిగింది రా" అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట. నాకది ముల్లులా గుచ్చుకునేది. నేను చెప్పలేదని ఇలా ఎత్తిపొడుస్తున్నాడనుకునేవాణ్ణి. ఒకసారి తట్టుకోలేక, "ఇగ ఇడిసిపెట్టన్నా" అని అరిచాను కూడా. ఆయన వింతగా చూసి, "నిజంగనే అడిగింది" అన్నాడు. నేను నమ్మలేదు.

ఆరేళ్ళ కింద ఆ తల్లి పోయిందని సార్ ఫోన్ చేశాడు. అన్న డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, ఆ ఒక్క ఫోటోకు బొట్టు పెట్టాడు. తర్వాత ఒక పూలదండ నా చేతిలో పెట్టాడు. పూలకోసం పనిగట్టుకుని మస్కట్ దాకా వెళ్ళొచ్చాడు. "ఇప్పుడెయ్యి తమ్మీ. ఇప్పుడు తప్పు గాదు" అన్నాడు. వేశాను. ఆ రోజైనా సార్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు. తల్లి పోయిన మనిషితో ఇప్పుడెందుకులే అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది.

ఊరికి వెళ్ళేటప్పుడు పటాన్ని నాకిచ్చి వెళ్ళాడు. ఈ రాస్తున్నది దాని కిందే కూర్చుని.

అన్న పోయిన రెండో రోజు సాయంత్రం అమెరికా నుంచి ఫోన్ వచ్చింది. సార్ అన్న ఫోన్‌కు చేస్తే, ఇంగ్లీషు రాదని అన్న బిడ్డ నా నెంబరు ఇచ్చిందట. సార్ గొంతు బాగా ముసలిదైంది. కబురు తెలిసి చాలా బాధపడ్డానన్నాడు. అన్న ఫోటో ఒకటి తన దగ్గరుందని, ఇబ్రాలో దిగినదేనని చెప్పాడు. దానికి దండ వెయ్యాలనుకుంటున్నాడట. ఏ పూలు వెయ్యాలి, బొట్టు ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. "నాకు తప్పు చేయాలని లేదు" అన్నాడు.

 షాపులో చెక్క పొట్టు మీదే కూర్చుండిపోయాను. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. సార్, ఆ రోజు ఇబ్రాలో మీ అమ్మకు దండ వేసింది ఆయన కాదు, నేను. ఆయనకు తెలియను కూడా తెలియదు. నేను భయపడ్డాను. ఆయన నా తప్పు తన మీద వేసుకున్నాడు.

 లైను పోయిందనుకున్నాను.

"తమ్మీ?" అన్నాడు సార్. ఆయన నోట ఆ తెలుగు మాట విని నేను ఉలిక్కిపడ్డాను. "తమ్మీవి నువ్వేనా?"

అప్పుడు చెప్పాడు. ఆ మొదటి ఫోన్‌లోనే, నాకు పూలేసింది మీరేనా అని వాళ్ళమ్మ అడిగిందట. అన్న గొంతు తగ్గించి, కాదు మదర్, మా తమ్మీ వేశాడు, మంచివాడు, కొంచెం భయం అన్నాడట. కొడుకు దగ్గర నా తప్పు మోశాడు గానీ, తల్లికి అబద్ధం చెప్పలేకపోయాడు. ఆమె ఈ సంగతి కొడుక్కు చెప్పి, ఆ పిల్లవాడే నోరు తెరిచి చెప్పేదాకా నువ్వు తెలిసినట్టు ఉండొద్దని ఒట్టు వేయించుకుందట. ప్రతి ఏడూ ఫోన్లో, తమ్మీ ఎలా ఉన్నాడని అడిగేదట. తమ్మీ దండ పడ్డాక కూడా ఇన్నేళ్ళు బతికానని ఆమె అందరికీ గొప్పగా చెప్పుకునేదట.

ఆమె నిజంగానే నన్ను అడిగింది. ఆయన నిజమే చెప్పాడు. ఎత్తిపొడుపు అనుకుని నేను ఆయన మీద అరిచాను. ఇదంతా ఆయన ఉండగా తెలిసుంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. పట్టనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి. నేను ఏడుస్తుంటే సార్ ఫోన్ పెట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తేరుకున్నాక, బంతిపూలు దొరికితే బంతిపూలే వెయ్యండి సార్, బొట్టు నుదుటి మీద పెట్టండి, ఇప్పుడు భయం లేదు అని చెప్పాను.

అన్నా, మా ఊరి బోర్డు మీద ఎవరి ఫోటో పెడతానని అడిగావు కదా. నువ్వు మా ఊరివాడివి కాకపోతేనేం.

నిన్న సార్ పంపిన ఫోటో వచ్చింది. వాళ్ళింట్లో ఒక చెక్క అల్మారా. దాని మీద మా అన్న, పచ్చ హెల్మెట్ కనుబొమ్మల దాకా దించుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. మెడలో వాళ్ళ పెరటి బంతిపూలు, చేపలు పట్టే తీగకు గుచ్చినవి. కుంకుమ దొరక్క ఇంటావిడ లిప్‌స్టిక్‌తో బొట్టు పెట్టాడట. నుదురు కనబడలేదు కదా, అందుకని హెల్మెట్ మీద పెట్టాడు. ఆయుధ పూజ నాడు మేం పెట్టేచోటే, సరిగ్గా మధ్యలో. పక్కనే ఇంకో ఫ్రేములో బస్సు దగ్గర నిలబడ్డ ఆ తల్లి ఉంది. షాపులో గోడకున్న టేపు తీసి, ఫోన్ అద్దం మీదే రెండింటినీ కొలిచాను. ఒకటే సైజు.